షోలవరం రన్‌వే నేర్పిన విద్య: రేసు కారును సామాన్యుడి చెంతకు తెచ్చిన కరివర్ధన్

కోయంబత్తూరు: భారతదేశంలో మోటారు పందేల ప్రస్తావన వస్తే నరైన్ కార్తికేయన్, కరుణ్ చందోక్ పేర్లు ముందుగా వినిపిస్తాయి. ఫార్ములా వన్ పోటీల్లో పాల్గొన్న భారతీయులు ఇప్పటివరకు ఆ ఇద్దరే. పోటీ జీవితపు తొలినాళ్లలో వారిద్దరూ నడిపిన ఒంటి సీటు కారు విదేశాల నుంచి దిగుమతి అయినది కాదు. అది కోయంబత్తూరులో రూపుదిద్దుకుంది. దాని రూపకర్త సుందరం కరివర్ధన్. రేసింగ్ వర్గాల్లో చిన్నాపెద్దా అందరికీ ఆయన కరి. 1954లో జన్మించి, 1995లో 41 ఏళ్ల వయసులోనే విమాన ప్రమాదంలో కన్నుమూసిన ఆయన, చోదకుడిగా పేరు తెచ్చుకున్నప్పటికీ, కార్ల నిర్మాతగానే ఎక్కువగా గుర్తుండిపోయారు. కొద్దిమంది సంపన్నుల వినోదంగా ఉన్న ఈ క్రీడలోకి మధ్యతరగతి యువకుడు కూడా అడుగుపెట్టేలా చేసింది ఆయన కట్టిన కారే.

మిల్లుల నగరంలో జననం

కరివర్ధన్ కోయంబత్తూరులోని లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందినవారు. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన ఈ మిల్లు ఆ నగర వస్త్ర పరిశ్రమకు తొలి పునాదుల్లో ఒకటి. కొంగునాట స్థిరపడిన తెలుగు నాయుడు కుటుంబాలు శతాబ్దాల క్రితమే అక్కడికి వలస వెళ్లాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ, నల్లరేగడి నేలల్లో పత్తి పండించి, కాలక్రమంలో జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు నెలకొల్పాయి.

1930ల్లో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో కోయంబత్తూరు రూపురేఖలు మారిపోయాయి. మిల్లుల వెంట ఫౌండ్రీలు, లేతు షెడ్లు, మోటారు పంపుల కర్మాగారాలు వెలిశాయి. బస్సుల వ్యాపారంతో మొదలుపెట్టి ఎన్నో యంత్రాలను రూపొందించిన జి.డి. నాయుడు ఈ నేలమీది వారే. యంత్రం చెడిపోతే విదేశీ విడిభాగం కోసం నెలల తరబడి ఎదురుచూడడం కన్నా, దాన్ని విప్పి చూసి, అవసరమైన భాగాన్ని పక్క షెడ్డులో పోతపోయించుకోవడం అక్కడి వారికి అలవాటు. కరివర్ధన్ పెరిగిన వాతావరణం అది.

ఇటువంటి వాతావరణం తెలుగువారికి మరికొన్ని చోట్ల కూడా పరిచయమే. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ట్రాఫిక్ వంటి రైల్వే బస్తీల్లో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఆ ఊరి వర్క్‌షాపును, స్టేషన్‌ను నమ్ముకుని బతికినవే. కోయంబత్తూరు తెలుగువారు మిల్లుల యజమానులుగా ఎదిగితే, ఖరగ్‌పూర్ తెలుగువారు ఎక్కువగా రైల్వే కార్మికులుగా, ఉద్యోగులుగా స్థిరపడ్డారు. ఇనుముతో సహవాసం మాత్రం ఇద్దరికీ ఉంది. కరివర్ధన్ కథలో ఖరగ్‌పూర్‌కు మరో చోటు కూడా ఉంది. అది ఆయన మరణానంతర కాలానికి చెందినది.

విమానాల దారిలో కార్ల పందేలు

మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు మీదుగా కలకత్తాకు వెళ్లే రహదారి పక్కన ఉంది షోలవరం. చోళవరమని కూడా పిలిచే ఈ ఊళ్లో రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనిక విమానాల కోసం రన్‌వే నిర్మించారు. యుద్ధం ముగిశాక అది పనిలేకుండా పడి ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దానిని పందేల మైదానంగా మార్చుకుంది. అప్పటి నుంచి మూడు దశాబ్దాలకు పైగా దక్షిణ భారత మోటారు రేసింగ్‌కు షోలవరమే కేంద్రం.

యుద్ధకాలపు విమానాశ్రయాలు ఇలా పందేల మైదానాలు కావడం ప్రపంచంలో కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లో బాంబర్ విమానాల స్థావరంగా ఉన్న సిల్వర్‌స్టోన్‌లోనే 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొట్టమొదటి పందెం జరిగింది. యుద్ధవిమానాలకు ఆశ్రయమిచ్చిన వెస్ట్‌హ్యాంప్‌నెట్ స్థావరం చుట్టుదారి 1948లో గుడ్‌వుడ్ సర్క్యూట్‌గా మారింది. చదునైన నేల, వెడల్పైన దారి, చుట్టూ జనావాసాలు లేకపోవడం వంటి సౌకర్యాలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. వేగానికి కావలసినవి అవే. కొత్త సర్క్యూట్ కట్టడానికి ధనం లేని రోజుల్లో రేసింగ్ క్లబ్బులకు ఈ స్థలాలు వరంగా దొరికాయి.

షోలవరంలో ప్రధాన పోటీలు ఏటా శీతాకాలం చివర, ఎక్కువగా ఫిబ్రవరి నెలలో జరిగేవి. బొంబాయి, కలకత్తా, బెంగళూరు, కోయంబత్తూరు నుంచి పోటీదారులు వచ్చేవారు. కార్లతో పాటు మోటారు సైకిళ్ల పందేలూ ఉండేవి. ప్రేక్షకులు వేల సంఖ్యలో తరలివచ్చేవారు. నీడ లేని మైదానం, రన్‌వే మీద ఎగసే వేడి, దుమ్ము, కాలిన రబ్బరు వాసన ఆనాటి వారి జ్ఞాపకాల్లో షోలవరానికి గుర్తులుగా మిగిలాయి.

పరీక్ష రోజుల పాఠాలు

పందెం రోజున జనం చూసేది ఫలితం మాత్రమే. ఆ ఫలితం అంతకుముందే, ప్రేక్షకులు లేని పరీక్ష రోజుల్లో చాలావరకు నిర్ణయమైపోతుంది. ఆనాటి పరీక్షలకు కంప్యూటర్లు లేవు. ఒక స్టాప్‌వాచ్, ఒక నోటుపుస్తకం, చోదకుడి వీపుకు తెలిసే కుదుపు, చెవికి తెలిసే ఇంజిన్ మోత, ఇవే సాధనాలు.

కారును పూర్తి వేగంతో కొన్ని చుట్లు తిప్పి, ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్గులు విప్పి చూసేవారు. ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటే పెట్రోలు, గాలి పాళ్లు సరిగా కుదిరినట్టు. తెల్లబారితే పెట్రోలు చాలక ఇంజిన్ అతిగా వేడెక్కుతున్నట్టు. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై వృథాగా పోతున్నట్టు. దానినిబట్టి కార్బ్యురేటర్‌లోని జెట్ మార్చి మళ్లీ పంపేవారు. తర్వాత టైర్లలో గాలి, ఆ తర్వాత స్ప్రింగుల బిగువు చూసేవారు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది ఈ విద్యలో తొలి నియమం. రెండు మార్పులు కలిపి చేస్తే కారు వేగం దేనివల్ల పెరిగిందో, దేనివల్ల తగ్గిందో తేలదు.

విమానాశ్రయపు దారికి ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. రన్‌వే పొడవునా కారు గరిష్ఠ వేగం అందుకుంటుంది. దారి మలుపు తిరిగే చోట ఒక్కసారిగా వేగం తగ్గించాలి. ప్రతి చుట్టులోనూ ఇదే జరగడంతో బ్రేకులు కాగిపోయి, పట్టు సడలిపోతాయి. రోడ్డు మీద ఏళ్ల తరబడి మొరాయించని కారు ఇటువంటి చోట కొద్ది చుట్లకే చేతులెత్తేస్తుంది. ఇంజిన్ బలం పెంచడం ఒక్కటే చాలదని, కారు బరువు తగ్గించడం, ఆ బరువు నాలుగు చక్రాల మీద పడే తీరు సరిచూడడం అంతే ముఖ్యమని ఇటువంటి మైదానాలు నేర్పుతాయి. షోలవరంలో ఈ పాఠాలు వంటబట్టించుకున్న వారిలో కరివర్ధన్ ముందువరుసలో నిలుస్తారు.

డబ్బున్నవారి ఆట

ఆ రోజుల్లో భారతీయ రహదారుల మీద తిరిగే కార్ల రకాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయిలో తయారయ్యే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్ ప్రధానమైనవి. సామాన్య పోటీదారు వీటినే విప్పి, బరువు తగ్గించి, ఇంజిన్‌కు పదును పెట్టి పందేనికి దించేవాడు. విదేశీ రేసు కారు తెప్పించుకోవాలంటే దిగుమతి లైసెన్సు, భారీ సుంకం తప్పనిసరి. అది రాజవంశీకులకు, బడా వ్యాపార కుటుంబాలకు మాత్రమే సాధ్యమయ్యేది. గోండల్ రాజకుటుంబీకులు విదేశీ రేసు కార్లతో షోలవరం వచ్చేవారు. తర్వాతి కాలంలో వ్యాపారవేత్తగా ప్రసిద్ధుడైన విజయ్ మాల్యా, ఎన్‌సైన్ జట్టు వాడిన ఫార్ములా వన్ కారును తెచ్చి అక్కడ నడిపారు.

ఒకే దారి మీద ఫార్ములా వన్ కారు, ఇంటి గ్యారేజీలో మార్చిన హెరాల్డ్ పక్కపక్కన కనిపించడం షోలవరం ప్రత్యేకత. చూసేవారికి అది కనులపండువే. పోటీ న్యాయం దృష్ట్యా మాత్రం అదొక లోపం. ఎవరి చేతిలో నైపుణ్యం ఎక్కువ ఉందో తేలకముందే, ఎవరి చేతిలో ధనం ఎక్కువ ఉందో తేలిపోయేది.

కరివర్ధన్ ఆర్థికంగా మొదటి వర్గానికి చెందినవారు. కావాలనుకుంటే విదేశీ కార్లతోనే సరిపెట్టుకోగల స్థితి ఆయనది. ఆయన మనసు మాత్రం వర్క్‌షాపు మీదే ఉండేది. కోయంబత్తూరులో సూపర్ స్పీడ్స్ పేరుతో నడిపిన వర్క్‌షాపులో కార్లను విప్పి, మార్చి, కొత్తవి కట్టేవారు. తాను కట్టిన కార్లను తానే పందేల్లో నడిపేవారు. ఆయన చుట్టూ చేరిన యువకుల్లో కొందరు చోదకులయ్యారు, మరికొందరు మెకానిక్కులయ్యారు.

కారు కట్టి, దాన్ని తానే పరీక్షించే వారికి ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది. న్యూజిలాండ్‌లో పుట్టి, 1959లో 22 ఏళ్ల వయసుకే గ్రాండ్ ప్రి గెలిచి, సొంత పేరుతో జట్టు స్థాపించిన బ్రూస్ మెక్‌లారెన్ ఇందుకు ప్రపంచమంతటికీ తెలిసిన ఉదాహరణ. 1968లో తన జట్టు తయారుచేసిన కారులోనే ఆయన బెల్జియం గ్రాండ్ ప్రి గెలిచారు. 1970 జూన్ 2న గుడ్‌వుడ్‌లో కొత్త కారును పరీక్షిస్తుండగా దాని వెనుక భాగపు తొడుగు ఊడి, కారు అదుపు తప్పడంతో ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి గుడ్‌వుడ్‌లో పందేలు ఆగిపోయి నాలుగేళ్లయింది. పరీక్షలు మాత్రం సాగుతూనే ఉన్నాయి. ఆ రోజు అక్కడ ప్రేక్షకులు లేరు, పోటీ లేదు. అయినా ఒక జీవితం ముగిసిపోయింది. పరీక్ష రోజులంటే పందెం కన్నా తేలికైనవన్న భ్రమ రేసింగ్ తెలిసినవారికి ఉండదు.

మారుతి ఇంజిన్‌తో మలుపు

1983 డిసెంబరులో మారుతి 800 మార్కెట్లోకి వచ్చింది. జపాన్‌కు చెందిన సుజుకి సాంకేతికతతో తయారైన ఆ కారులో 796 సీసీ సామర్థ్యమున్న మూడు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. దాని బలం దాదాపు 40 అశ్వశక్తి. మధ్యతరగతి కుటుంబాలు దాన్ని పొదుపైన బండిగా చూశాయి. కరివర్ధన్‌కు అందులో రేసు కారు గుండె కనిపించింది.

ఇంజిన్ చిన్నది, తేలికైనది, తొందరగా వేగం అందుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, దాని విడిభాగాలు దేశంలో ఏ పట్టణంలోనైనా దొరుకుతాయి. ఇంజిన్ చెడితే ఇంగ్లండ్‌కు ఉత్తరం రాసి నెలల తరబడి కాచుకోనక్కరలేదు. ఊళ్లోని దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు. ఆ ఇంజిన్‌ను ఒంటి సీటు చట్రంలో చోదకుడి వెనుక అమర్చి, చక్రాలు బయటికి కనిపించే అసలైన ఫార్ములా కారును ఆయన తయారుచేశారు. 1988లో వచ్చిన ఈ తరగతికి ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజిన్ అని పేరు పెట్టారు. ఆంగ్ల పదాల తొలి అక్షరాలు కలిపి ఫిస్మే అని పిలిచేవారు. జనం నోట అది ఫార్ములా మారుతిగా స్థిరపడింది.

ప్రపంచంలో ఇటువంటి ప్రయత్నాలు అంతకుముందే జరిగాయి. 1960ల్లో అమెరికాలో వోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాలతో ఫార్ములా వీ, 1967లో ఇంగ్లండ్‌లో ఫోర్డ్ కారు ఇంజిన్‌తో ఫార్ములా ఫోర్డ్ పుట్టాయి. కొత్తవారికి తక్కువ ఖర్చుతో బడిలా ఉపయోగపడడమే వాటి ఉద్దేశం. ఫార్ములా ఫోర్డ్ బడిలో చదివి ప్రపంచ విజేతలైనవారు ఎందరో ఉన్నారు. భారతదేశంలో అటువంటి మెట్టు అంతవరకు బలంగా లేదు. మార్చిన సెడాన్ నుంచి విదేశీ రేసు కారుకు ఒక్క గంతులో చేరాల్సి వచ్చేది. ఆ రెండింటి నడుమ కరివర్ధన్ ఒక మెట్టు కట్టారు.

ఈ తరగతిలో అందరి వెనుకా ఒకే రకం ఇంజిన్ ఉండేది. అందువల్ల గెలుపోటములు చోదకుడి చూపు, చేతివాటం, ధైర్యం, మెకానిక్కు శ్రద్ధ మీద ఆధారపడేవి. షోలవరంలో ఫార్ములా వన్ కారుకూ హెరాల్డ్‌కూ మధ్య ఉన్న దూరం ఇక్కడ లేదు. ఇంజిన్ బలం తక్కువ కావడం కూడా శిక్షణకు మేలే చేసింది. బలమైన ఇంజిన్ ఉంటే మలుపులో చేసిన తప్పును సూటిదారిలో దిద్దుకోవచ్చు. బలహీనమైన ఇంజిన్‌తో ఆ వీలు లేదు. మలుపులో పోగొట్టుకున్న వేగం తిరిగి రావడానికి చాలా సమయం పడుతుంది. కాబట్టి ప్రతి మలుపునూ శుభ్రంగా తిప్పడం నేర్చుకోక తప్పదు.

షోలవరం వీడ్కోలు

ఫార్ములా మారుతి వచ్చిన కొద్దికాలానికే షోలవరం శకం ముగిసింది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై వద్ద సొంత ట్రాక్ నిర్మించుకుని, 1990లో పోటీలను అక్కడికి తరలించింది. మూడున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ ట్రాక్ పందేల కోసమే కట్టినది. రన్‌వే మీద లేని రకరకాల మలుపులు దాని మీద ఉన్నాయి. కరివర్ధన్ కార్లకు అది తగిన వేదిక అయింది.

కోయంబత్తూరుకే చెందిన నరైన్ కార్తికేయన్ తన తొలి కారు పందెం ఇక్కడే, ఫార్ములా మారుతిలోనే నడిపాడు. ఆ తొలి పందెంలోనే మొదటి మూడు స్థానాల్లో ఒకటి దక్కించుకున్నాడు. 1992లో ఫ్రాన్స్‌లోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ పాఠశాలకు వెళ్లి, తిరిగివచ్చి 1993లో మళ్లీ ఫార్ములా మారుతి నడిపాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో జరిగే ఫార్ములా వాక్స్‌హాల్ జూనియర్ పోటీల్లోనూ పాల్గొన్నాడు. కోయంబత్తూరు నుంచి యూరప్‌కు దారి తెరుచుకుంది.

ఆ దారి చివర ఏముందో చూసే భాగ్యం కరివర్ధన్‌కు దక్కలేదు. కార్లతో పాటు విమానయానం పట్ల కూడా ఆయనకు మక్కువ ఉండేది. 1995లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. ఆయన రూపొందించిన తరగతికి అప్పటికి ఏడేళ్లే. దేశంలో మోటారు రేసింగ్‌కు ఆదరణ అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో, డబ్బు, నైపుణ్యం, ఓపిక మూడూ కలిసి ఉన్న నిర్మాతను కోల్పోవడం తీరని లోటయింది.

మిగిలిన దారి

నిర్మాత లేకపోయినా కారు ఆగలేదు. ఫార్ములా మారుతి పందేలు తర్వాత కూడా సాగాయి. చెన్నైకి చెందిన కరుణ్ చందోక్ 2000 సంవత్సరంలో ఆ తరగతిలోనే కార్ల రేసింగ్ ప్రారంభించాడు. 2001 జూన్ 14న నరైన్ కార్తికేయన్ సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు కారును పరీక్షించి, ఫార్ములా వన్ జట్టు కోసం కారును పరీక్షించిన తొలి భారతీయుడయ్యాడు. అది పందెం కాదు, ఒక పరీక్ష రోజు మాత్రమే. షోలవరంలా ఒకప్పుడు యుద్ధ విమానాలు ఎగిరిన నేల మీద జరిగిన పరీక్ష. కరివర్ధన్ మరణించి అప్పటికి ఆరేళ్లు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున నరైన్ ఫార్ములా వన్ పోటీల్లోకి అడుగుపెట్టాడు. 2010లో చందోక్ హిస్పానియా జట్టుతో అదే స్థాయికి చేరాడు.

కోయంబత్తూరు శివార్లలోని చెట్టిపాళయంలో పారిశ్రామికవేత్త, పూర్వ రేసర్ బి. విజయ్ కుమార్ ఒక సర్క్యూట్ నిర్మించారు. 2003లో ప్రారంభమైన ఆ 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. అక్కడ జాతీయ స్థాయి పోటీలు జరుగుతున్నాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు తాము సొంతంగా రూపొందించిన ఒంటి సీటు కార్లతో పాల్గొనే ఫార్ములా భారత్ పోటీలకూ అది వేదికైంది. అక్కడికి వచ్చిన జట్లలో ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థుల టీమ్‌కార్ట్ కూడా ఉంది. రైలు ఇంజిన్ల మరమ్మతులతో పెరిగిన ఊరి నుంచి, కారు చట్రాన్ని తామే అతికి, ఇంజిన్‌ను తామే సరిచేసుకుని విద్యార్థులు కరివర్ధన్ పేరున్న దారి మీదికి వెళ్లారు. దొరికిన భాగాలతో కట్టడం, నడిపి చూడడం, లోపం కనిపెట్టడం, మళ్లీ కట్టడం అన్న క్రమం వారి పనిలోనూ అదే.

నేడు ఖరగ్‌పూర్ మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ తీరాల వెంట దిగి, చెన్నై చేరబోతూ షోలవరాన్ని దాటుతుంది. ఆ దారిన వెళ్లే లారీలు, బస్సులు అక్కడ ఆగవలసిన పనేమీ లేదు. ఆ రన్‌వే మీద పందేలు ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. దాని మీద స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడిన తరం క్రమంగా తరలిపోతోంది. ఆ పరీక్ష రోజుల్లో ఒక కోయంబత్తూరు యువకుడు నేర్చుకున్న విద్య మాత్రం, చవకైన ఇంజిన్ రూపంలో, ఆ ఇంజిన్‌తో తొలిసారి స్టీరింగ్ పట్టిన వందలాది చేతుల్లోకి చేరింది.